అప్‌డేట్: గోనియోమీటర్ రీడింగులు ఎందుకు కలవడం లేదో తెలిసింది

అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ విద్యార్థులకు ల్యాబ్ చెప్తున్నాను, గోనియోమీటర్‌తో (కీలు ఎంత వంగిందో డిగ్రీల్లో కొలిచే, రెండు చేతులున్న పరికరం) ఒకే మోకాలి వంపును ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా వస్తోందని అడిగాను కదా. సమస్య తీరింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

మా సీనియర్ థెరపిస్ట్ పక్కనే నిలబడి చూశారు. విద్యార్థుల కళ్లన్నీ అంకెల మీదే ఉంటున్నాయి, ఈలోగా తొడ వెంబడి కదలకుండా ఉండాల్సిన గోనియోమీటర్ చేయి పక్కకు జారిపోతోంది. "ముందు ఎముకలు తడిమి గుర్తులు పెట్టించండి" అని ఇక్కడ ఒకరిచ్చిన సలహాయే పనిచేసింది. తుంటి పక్కన గ్రేటర్ ట్రోకాంటర్, మోకాలి బయటివైపు లాటరల్ ఎపికాండైల్, చీలమండ దగ్గర లాటరల్ మలియోలస్, మూడింటి మీదా స్కిన్ పెన్సిల్‌తో చుక్కలు పెట్టిస్తున్నాను. పరికరం ఇరుసు మోకాలి చుక్క మీద, దాని చేతులు మిగతా రెండింటి వైపు. ఇప్పుడు తేడా 5 డిగ్రీలు దాటడం లేదు.

పరికరం ప్లాస్టిక్‌దా, స్టీలుదా అన్నదానికి దీంతో సంబంధమే లేదు. కొత్తవి కొనకండి.