సొంత డాకర్ రిజిస్ట్రీ: ఫైర్‌వాల్ మూసినా 5000 పోర్టు తెరిచే ఉంటోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పబ్లిక్ ఐపీ ఉన్న ఉబుంటు వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) మీద మా టీమ్ కోసం డాకర్ రిజిస్ట్రీ (డాకర్ ఇమేజ్‌లు, అంటే యాప్ ప్యాకేజీలు, దాచి పంచుకునే చోటు) నడుపుతున్నాను, పాస్‌వర్డ్ ఏమీ పెట్టలేదు. అదే సర్వర్‌లో లోకల్‌హోస్ట్ పేరుతో పుష్ చేస్తే (ఇమేజ్ ఎక్కిస్తే) సాఫీగా వెళ్తోంది. ల్యాప్‌టాప్ నుంచి చేస్తే మాత్రం, హెచ్‌టీటీపీఎస్ క్లయింట్‌కి సర్వర్ హెచ్‌టీటీపీలో జవాబిచ్చిందని ఎర్రర్. డాకర్ సెట్టింగులుండే డెమన్ జేసన్ ఫైల్లో ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీస్ కింద ఐపీ రాయమని ఒకరు చెప్తే రాశాను, పని అయింది. అసలు టెన్షన్ ఇప్పుడు మొదలైంది. యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్) 22, 443 తప్ప అన్నీ మూసేశాను. అయినా ఇంటి నెట్ నుంచి రిజిస్ట్రీ వాడే 5000 పోర్టు తెరుచుకుంటోంది! క్లయింట్ ప్రాజెక్టు ఇమేజ్‌లు కూడా అందులోనే ఉన్నాయి. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు:
ముందు ఆ రిజిస్ట్రీ నడుస్తున్న కంటైనర్ ఆపేసి, తర్వాత ఇది చదవండి.

యూఎఫ్‌డబ్ల్యూలో మీరు పెట్టిన రూల్స్‌లో తప్పేమీ లేదు. కంటైనర్ పోర్టును పబ్లిష్ చేసినప్పుడు డాకర్ ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ నెట్‌వర్క్ ప్యాకెట్లను వడకట్టే చోటు) తన రూల్స్ తనే రాసుకుంటుంది. దాంతో బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ నాట్ (ప్యాకెట్ చిరునామా మార్చే దశ) దగ్గరే కంటైనర్ వైపు మళ్లిపోతుంది, యూఎఫ్‌డబ్ల్యూ ఇన్‌పుట్ రూల్స్ దాకా రానే రాదు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టన్నమాట. స్టేటస్ అడిగితే మాత్రం అంతా మూసే ఉందని చూపిస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే.

దీనికి మందు చిన్నదే. పోర్టు రాసే చోట 5000:5000 బదులు 127.0.0.1:5000:5000 అని రాయండి. ఇక ఆ పోర్టు సర్వర్ లోపలికే పరిమితం. బయటి వాళ్లకు ముందు ఎంజినెక్స్ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టి 443 మీద మాత్రమే దారి ఇవ్వండి.

పాస్‌వర్డ్ లేకుండా నడిపారు కాబట్టి ఇంకో మాట. అలాంటి రిజిస్ట్రీలో ఎవరైనా క్యాటలాగ్ తెరిచి ఇమేజ్‌ల పేర్లన్నీ చూడొచ్చు, దించుకోవచ్చు. అంతకన్నా ప్రమాదం, అదే ట్యాగ్ (వెర్షన్ పేరు) మీద తమ ఇమేజ్ ఎక్కించి పోవచ్చు. మీ ప్రొడక్షన్ దాన్నే అమాయకంగా లాక్కుంటుంది. ఇమేజ్‌లలో డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ లాంటివి ఉంటే ఇవాళే మార్చేయండి. లాగ్స్‌లో తెలియని ఐపీల నుంచి పుట్, పోస్ట్ (ఇమేజ్ ఎక్కించే) రిక్వెస్టులు వచ్చాయేమో వెతకండి. అనుమానం ఉంటే ఇమేజ్‌లు మళ్లీ బిల్డ్ చేసుకోవడమే మేలు.

443 మీద హెచ్‌టీటీపీఎస్‌కి సర్టిఫికెట్ కావాలి. దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ చాలు, ఉచితమే. ఆ సర్టిఫికెట్ గడువు ఎక్కువలో ఎక్కువ 90 రోజులు, కాబట్టి ఆటో రెన్యువల్ పనిచేస్తోందో లేదో ఒకసారి డ్రై రన్ (ఉత్తుత్తి పరీక్ష) చేసి చూడండి. మీరు 80 పోర్టు మూసేశారు కదా, డొమైన్ మీదేనని హెచ్‌టీటీపీ పద్ధతిలో ధ్రువీకరించడానికి అది తెరవాలి. వద్దనుకుంటే డీఎన్ఎస్ పద్ధతి ఉంది. సర్టిఫికెట్ వచ్చాక ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీస్ లైన్ ప్రతి మెషీన్లోనూ తీసేయండి. అది ఉన్నంతకాలం సర్టిఫికెట్ తేడాగా ఉన్నా డాకర్ నోరెత్తదు.

లాగిన్‌కి హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైల్ (యూజర్ పేర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉండేది) చేసుకోండి. రిజిస్ట్రీ బీక్రిప్ట్ హ్యాష్‌లను మాత్రమే ఒప్పుకుంటుంది, అందుకే కమాండ్‌లో పెద్ద బీ (-B) ఫ్లాగ్ మర్చిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. ఇంటి నుంచి 5000 ఇప్పుడు కనెక్ట్ అవ్వట్లేదు, లాగిన్ కూడా అవుతోంది. పుష్ చేస్తే మాత్రం చిన్న లేయర్లు (ఇమేజ్ ముక్కలు) వెళ్లి, పెద్దవి 413 ఎర్రర్‌తో ఆగిపోతున్నాయి. ఇంకోటి, సీఐ (ఆటోమేటిగ్గా బిల్డ్ చేసే వ్యవస్థ) మాత్రమే పుష్ చేయాలి, డెవలపర్లకు పుల్ (దించుకోవడం) చాలు. అలా కుదురుతుందా?

మరొకరి జవాబు:
413 ఎంజినెక్స్ పనే. రిక్వెస్ట్ బాడీ డిఫాల్ట్‌గా 1 ఎంబీ దాటితే వెనక్కి పంపేస్తుంది. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్‌ను 0 చేస్తే ఆ పరిమితి పోతుంది. పనిలో పనిగా అసలు కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ కూడా పంపండి. లేకపోతే అప్‌లోడ్ మధ్యలో రిజిస్ట్రీ హెచ్‌టీటీపీ లింక్ ఇచ్చి క్లయింట్‌ను తికమక పెడుతుంది.

పుల్, పుష్ విడదీయడం రిజిస్ట్రీలోని హెచ్‌టీపాస్‌వర్డ్‌తో కాదు, అది లాగిన్ అయిన వాళ్లందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తుంది. ఆ పని ఎంజినెక్స్‌కి అప్పగించండి. లిమిట్ ఎక్సెప్ట్ గెట్ అనే బ్లాక్ (గెట్, అంటే చదివే రిక్వెస్టులు తప్ప మిగతావాటికి వర్తించేది) పెట్టి, దాని లోపల సీఐ యూజర్ ఒక్కడే ఉన్న వేరే పాస్‌వర్డ్ ఫైల్ చూపిస్తే చాలు. హెడ్ రిక్వెస్టులు గెట్‌తో పాటే అనుమతి పొందుతాయి.

ప్రాజెక్టుల వారీగా హక్కులు, వల్నరబిలిటీ స్కానింగ్ కావాలంటే హార్బర్ అనే పెద్ద రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్‌కి మారండి. దానికి కనీసం 2 సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ కావాలి. చిన్న టీమ్‌కి అంత హంగామా అక్కర్లేదని నా ఉద్దేశం.

సీఐ మెషీన్‌లో డాకర్ లాగిన్ చేస్తే, క్రెడెన్షియల్ హెల్పర్ (పాస్‌వర్డ్‌ను భద్రంగా దాచే ప్రోగ్రామ్) లేనప్పుడు పాస్‌వర్డ్ బేస్64 రూపంలో హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో కూర్చుంటుంది. అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా విప్పి చదవొచ్చు. ఆ మెషీన్‌లోకి ఎవరెవరికి ప్రవేశం ఉందో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ పనిచేశాయి. ఆఖరిగా ఒకటి: పాత ఇమేజ్‌లు తీసేస్తే డిస్క్ ఖాళీ అవుతుందా?

మొదటి జవాబిచ్చినవారు:
దానంతట అది అవదు. కాన్ఫిగ్‌లో స్టోరేజ్ కింద డిలీట్‌ను ఎనేబుల్ చేసి, అక్కర్లేని మానిఫెస్ట్‌లు (ఇమేజ్‌లో ఏ లేయర్లున్నాయో చెప్పే జాబితాలు) తీసేశాక గార్బేజ్ కలెక్ట్ కమాండ్ నడపాలి. ముందు డ్రై రన్ ఫ్లాగ్‌తో ఏమేం పోతాయో చూడండి. గార్బేజ్ కలెక్ట్ నిజంగా నడిచేటప్పుడు రిజిస్ట్రీని ఆపడమో, రీడ్ ఓన్లీలో పెట్టడమో తప్పనిసరి. మధ్యలో ఎవరైనా పుష్ చేస్తే, అప్పుడే ఎక్కిన లేయర్‌ను చెత్త అనుకుని చెరిపేస్తుంది. పనయ్యాక రిజిస్ట్రీని ఒకసారి రీస్టార్ట్ చేయండి. మీరు రిజిస్ట్రీ వెర్షన్ 2 వాడుతున్నారా, 3 వాడుతున్నారా అన్నది కూడా చూసుకోండి, కమాండ్‌కి ఇవ్వాల్సిన కాన్ఫిగ్ ఫైల్ దారి 3లో మారింది.