చలికాలపు పొడి చర్మానికి ఇంట్లో చేసుకునే మాయిశ్చరైజర్‌లో నీరు కలపవచ్చా?

తుషార:

అందరికీ నమస్కారం. చలి మొదలైనప్పటి నుంచి నా చేతులు, మోకాళ్ల కింది భాగం బాగా పొడిబారుతున్నాయి. స్నానం చేసి తుడుచుకున్న కొద్దిసేపటికే చర్మం బిగుసుకుపోతోంది, గోటితో గీస్తే తెల్లటి చార పడుతోంది. కొని తెచ్చుకునే క్రీముల్లోని సువాసన ద్రవ్యాలు నాకు పడవు కాబట్టి, సహజమైన పదార్థాలతో ఇంట్లోనే ఒక మాయిశ్చరైజర్ చేసుకోవాలని అనుకుంటున్నాను. నేను చదివిన పద్ధతులు చాలావరకు కలబంద గుజ్జు, పన్నీరు (గులాబీ నీరు), కొబ్బరి నూనె కలిపి తెల్లగా అయ్యేదాకా గిలకొట్టమని, అందులో ఒక విటమిన్ ఈ గుళికను చిదిమి వేస్తే నెలల తరబడి నిల్వ ఉంటుందని చెబుతున్నాయి. నీరు, నూనె అలా కలిసి నిలుస్తాయా? విటమిన్ ఈ ఒక్కటే దానిని పాడవకుండా కాపాడగలదా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఒట్టి నూనె ధారాళంగా రాసుకున్నా చర్మం లోపల పొడిగానే అనిపిస్తోంది, దీనికి కారణం తెలిసినవారు వివరించగలరు.

మైనపుముద్ద:

తుషార గారూ, మీ చివరి సందేహంతో మొదలుపెడతాను, మిగిలిన రెండింటికీ దారి అక్కడే దొరుకుతుంది. చర్మానికి కావలసిన తేమ అంటే నీరే, నూనెలో నీరు ఉండదు. పై పొరలోని కణాల మధ్య సందులను పూడ్చి చర్మాన్ని మెత్తబరచడం, అక్కడ ఉన్న నీరు త్వరగా ఆవిరైపోకుండా కొంతవరకు అడ్డుపడడం మాత్రమే నూనె చేయగలదు. అప్పటికే ఎండిపోయిన చర్మం మీద రాస్తే పైకి నిగనిగలాడుతుంది గాని, కాపాడడానికి లోపల నీరే ఉండదు.

చలికాలంలో ఆ నీరు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. ఒక ఘనపు మీటరు గాలి 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములకు పైగా పట్టుకోగలదు. బయటి చల్లని గాలి గదిలోకి వచ్చి హీటరు వల్ల వెచ్చబడినప్పుడు దానిలోని నీరు పెరగదు, నీటిని పట్టుకునే శక్తి మాత్రం మూడింతలకు పైగా పెరుగుతుంది కాబట్టి, సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టుకోగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్నది ఎంత శాతమో) 30 శాతం కంటే కిందికి పడిపోయి, ఆ లోటును గాలి మన చర్మం నుంచి కూడా పూడ్చుకుంటుంది. దీనికి తోడు మరిగే నీళ్లతో చాలాసేపు స్నానం చేస్తే చర్మంలో సహజంగా ఉండే కొవ్వు పదార్థాలు కూడా కడుక్కుపోతాయి.

ఇక నీరు, నూనె సంగతి. గిలకొట్టినంత మాత్రాన అవి కలవవు, నూనె చిన్న బిందువులుగా విడివడి కాసేపు తెల్లగా కనిపిస్తుంది, తర్వాత మళ్లీ వేరుపడుతుంది. వాటిని కలిపి నిలపడానికి ఎమల్సిఫైయర్ అనే పదార్థం కావాలి. తేనె మైనం ఆ పని చేస్తుందని చాలామంది రాస్తారు గాని, ఒంటరిగా అది గట్టిదనాన్ని మాత్రమే ఇస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన వైద్యుడు గేలెన్ పేరిట చెప్పుకునే, తేనె మైనం, ఆలివ్ నూనె, గులాబీ నీటితో చేసిన లేపనం కూడా ఎక్కువ కాలం కలిసి నిలిచే రకం కాదు. తరువాతి కాలంలో దానికి బోరాక్స్ (మైనంతో కలిసి నీటిని, నూనెను కలిపి నిలిపే లవణం) జోడించడానికి కారణం అదే.

విటమిన్ ఈ విషయంలో మీ అనుమానం సరైనదే. గాలి తగిలి నూనెకు ముక్కవాసన రావడాన్ని అది ఆలస్యం చేస్తుంది, బ్యాక్టీరియాను, బూజును మాత్రం అడ్డుకోలేదు. కలబంద గుజ్జు, పన్నీరు ఉన్న మిశ్రమం సూక్ష్మజీవులకు అనువైన చోటు. పైగా అవి కంటికి కనిపించేంతగా పెరగకముందే క్రీము కలుషితమై ఉండవచ్చు, దానిని పగుళ్లు ఉన్న చర్మం మీద రాయడం ఇంకా ప్రమాదకరం. సరైన ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) వేయకపోతే అటువంటి క్రీమును ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజుల్లోనే వాడేయాలి. నా సలహా ఏమిటంటే, ఇంట్లో చేసేదానిలో నీటి చుక్క లేకుండా చూసుకోండి, నీటిని స్నానం తర్వాత చర్మం మీదే ఉండనివ్వండి.

చేతిసంచి:

పై వివరణతో ఏకీభవిస్తూ, నేను వాడే కొలతలు రాస్తున్నాను. 100 గ్రాముల బామ్‌కు (నీరు లేకుండా మైనం, నూనెలతో చేసే గట్టి లేపనానికి) తేనె మైనం 15 గ్రాములు, షియా బటర్ (షియా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు) 25 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె 60 గ్రాములు, వీటికి తోడు అర గ్రాము విటమిన్ ఈ నూనె. చెంచాలతో కాకుండా తూకంతోనే కొలవండి, మైనం తురుము చెంచాలో ఒకసారి వదులుగా, ఇంకోసారి నొక్కుకుని పడుతుంది. నీళ్లు కాగుతున్న పాత్రలో మరో పొడి గిన్నె పెట్టి ముందుగా మైనాన్ని, నూనెను కలిపి కరిగించాలి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టవలసిన అవసరం లేదు, పెట్టకూడదు కూడా. అది కరిగాక దింపి షియా బటర్ వేసి కలపాలి, కాస్త చల్లారాక విటమిన్ ఈ చేర్చాలి. సీసాలో పోసే ముందు ఒక చుక్కను చల్లని చెంచా మీద వేసి చూస్తే గట్టిదనం తెలిసిపోతుంది. గట్టిగా అనిపిస్తే నూనె, జారుగా అనిపిస్తే మైనం కొద్దిగా పెంచుకోవచ్చు.

కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది. చలికాలంలో దానిని ఎక్కువగా వేస్తే బామ్ రాయిలా అవుతుంది కాబట్టి నేను వేయను. సీసా, చెంచా పూర్తిగా తడి లేకుండా ఆరి ఉండాలి. తడి వేలు లోపల పెట్టడం అలవాటైతే నీరు లేకుండా చేసిన ప్రయోజనం పోతుంది.

శీతగాలి:

మైనపుముద్ద గారు చెప్పినదానిలో ఒక లోటు ఉందని నా అభిప్రాయం. బామ్ నీటిని పోనివ్వదు, అంతవరకు నిజమే, కానీ నీటిని పట్టి ఉంచే పదార్థం అందులో ఏదీ లేదు. ఆ పని గ్లిజరిన్ చేస్తుంది, అది కూడా నూనెల నుంచే వస్తుంది. అయితే దానిని నేరుగా రాయకండి, చిక్కని గ్లిజరిన్ పొడి గాలిలో చర్మం లోపలి నీటినే పైకి లాగగలదు. స్నానం ముగిశాక అరచేతిలో కొంచెం నీరు తీసుకుని, అందులో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలిపి తడి ఆరని చర్మానికి రాసి, వెంటనే పైన బామ్ పూయండి. ఎప్పటికప్పుడు అరచేతిలోనే కలుపుతారు కాబట్టి నిల్వ సమస్య ఉండదు.

ఆలివ్ నూనెలో ఒలేయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తుందని 2013లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అదే పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె మెరుగ్గా కనిపించింది. నిమ్మరసం, వంట సోడా కలిపే పద్ధతులను దయచేసి దగ్గరికి రానివ్వకండి. చర్మానికి స్వల్ప ఆమ్ల గుణం ఉంటుంది, ఒకటి దానికి మరీ ఎక్కువ ఆమ్లం, రెండోది క్షారం.

తుషార:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఈ బామ్‌ను ముఖానికి వాడవచ్చా? సువాసన కోసం లావెండర్ నూనె కలపమని కొందరు అంటున్నారు, నాకు భయంగా ఉంది.

మైనపుముద్ద:

శీతగాలి గారి గ్లిజరిన్ సూచన నా పద్ధతి కంటే మెరుగైనదే. చేతులకు, కాళ్లకు తప్పక అలాగే చేయండి.

ముఖానికైతే బియ్యపు గింజంత చాలు, మొటిమలు వచ్చే చర్మమైతే అది కూడా మానడం మంచిది. సువాసన ద్రవ్యాలు పడని మీరు లావెండర్ వంటి సుగంధ తైలాలను కలపకండి. అవి మొక్కల నుంచి వచ్చినా అలెర్జీకి తరచుగా కారణమయ్యేవే. సువాసన లేని ఈ బామ్‌ను కూడా ముందు మోచేతి లోపలి మడతలో కొద్దిగా రాసి, వారం రోజులు గమనించి చూడండి. ఎర్రబడి, పగిలి, నీరు కారుతున్న చోట ఇంటి బామ్‌లు పనికిరావు, అక్కడ చర్మ వైద్యుల సలహా తీసుకోవాలి.

చేతిసంచి:

ఒక్క మాట మరిచాను. బామ్ నెమ్మదిగా చల్లారితే షియా బటర్ వల్ల ఇసుక పలుకుల్లాంటివి ఏర్పడవచ్చు. అది పాడైనట్లు కాదు. మళ్లీ కరిగించి, సీసాను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా గడ్డకట్టిస్తే నున్నగా వస్తుంది.