చెరువు వెనకాల చుక్క పడింది, వెతకడానికి పోవచ్చా?

మాది పత్తికొండ వైపు. పప్పుశనగ మీద జింకలు పడుతున్నాయని రాత్రిళ్లు చేలో కావలి ఉంటున్నా. డిసెంబర్ 14 తెల్లవారుజామున, ఫోన్‌లో టైం 2:40, చీకట్లో తడుముకుంటూ టార్చికి బ్యాటరీలు మారుస్తున్నా. ఉన్నట్టుండి బ్యాటరీ మీద ప్లస్ గుర్తు కనబడింది! తలెత్తితే నడినెత్తి నుంచి పచ్చటి మంట పడమటికి జారుతోంది. మంచె నీడ నేల మీద గిర్రున తిరిగింది. పిల్లలకోడి చుక్కల గుంపు పక్కకొచ్చి భగ్గుమని ఆరిపోయింది. మహా అయితే మూడు సెకన్లు. చప్పుడు లేదు. మా చెరువుకట్ట వెనకే పడినట్టుంది. చుక్క రాలితే ఎవరికీ చెప్పకూడదనేది మా అవ్వ. చెప్పేశా కాబట్టి అడుగుతున్నా, రాయి దొరుకుతుందా?

జవాబు:
దొరకదన్నా. తొలకరికి జొన్నగిరిలో వజ్రాలు వెతికినట్టు చెరువంతా తిరగొద్దు. ఆ వేళకి పిల్లలకోడి పడమట, చేయి చాచి కొలిస్తే సుమారు మూడు పిడికిళ్ల ఎత్తులో ఉంటుంది. మంట 80 కిలోమీటర్ల పైన ఆరిందనుకుంటే, ఆ చోటు మీకు 150 కిలోమీటర్ల అవతల, కర్ణాటక మీద! ఆకాశంలో దూరం కళ్లకి అందదు, అందరికీ పక్క పొలంలోనే పడినట్టుంటుంది. తేదీ, దిక్కు చూస్తే జెమినిడ్ ఉల్క లాగే ఉంది. ఏటా డిసెంబర్‌లో ఈ ఉల్కలు మిథున రాశి వైపు నుంచి వస్తాయి, ఆ రాశి అప్పుడు నడినెత్తినే ఉంటుంది. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన రాళ్లవి, సెకనుకు 35 కిలోమీటర్ల వేగం. అంత వెలుగుకి ఉసిరికాయంత రాయి చాలు, అదీ పైనే కాలిపోతుంది.

ఇంకొకరు:
రాకెట్ ముక్క కాదు కదా? 2022 ఏప్రిల్ 2 రాత్రి మా ఆసిఫాబాద్ వైపు అలాంటిదే చూశాం. చైనా రాకెట్ శకలాలై ఉంటాయన్నారు. చంద్రపూర్ జిల్లా సిందేవాహి దగ్గర పెద్ద లోహపు రింగే పడింది.

జవాబు:
అది వరసగా ముక్కలు ముక్కలుగా, నింపాదిగా పోయింది. మూడు సెకన్లలో ముగిసిందంటే ఉల్కే. అన్నా, అంతర్జాతీయ ఉల్కల సంస్థ వెబ్‌సైట్‌లో ఫారం ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆరిందో నింపండి. ఇంకో ఊరివాళ్లూ రాస్తే దారి లెక్క కట్టొచ్చు.

అడిగినాయన:
సరే, చెరువు మానేశా. నిలబడిన చోట పుల్ల పాతి, ఆరిన దిక్కుకి ఇంకోటి పాతా. పడమరకి కాస్త ఉత్తరంగా వచ్చింది. నేను పైకి చూస్తున్నంతసేపట్లో జింకలు మాత్రం నాలుగు సాళ్లు మేసిపోయాయి.