అరగంట రేడియోలో పాట, పాదు, పంపునీళ్ళు: ఎట్లా ఇరికించాలి?

లైన్‌మన్ తాత

అందరికీ నమస్కారం. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌను. ఇక్కడ ఒక కాలేజీవాళ్ళకు కమ్యూనిటీ రేడియో ఉంది. పోయిన ఎండాకాలంలో వాళ్ళ యాంటెన్నా స్తంభానికి ఎర్త్ వైరు ఊడిపోతే చూసిపెట్టడానికి పోయాను. గాల్లోకి వదిలేది 100 వాట్లేనట. మా కాలంలో గుండు బల్బంత! దాంతోనే మా టౌను దాటి పక్క పల్లెలకు కూడా వినిపిస్తోంది. కింద టీ తాగుతుంటే అక్కడి మేడమ్, "మీకు తెలియని వీధి లేదు కదా సార్, మీరే ఒక ప్రోగ్రాం చెయ్యండి" అనింది. టీ తాగినంత సేపట్లో ఇరుక్కుపోయాను.

బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. పది నిమిషాలు ఊరి పాట, పది నిమిషాలు మిద్దెతోట, పది నిమిషాలు ఊరి సంగతులు. ఐదు వారాలు చేశాను, అతుకుల బొంతలాగా ఉంది. మా ఇంట్లో ఆమె మొహం మీదే చెప్పింది: "నువ్వు 'ఇక తోట విషయానికొస్తే' అన్నప్పుడల్లా నేను లేచి పొయ్యి దగ్గరికి పోతున్నా."

మా వెనకింట్లో ఒక అవ్వ ఉంది. విసురురాతి పాటలు, నాట్ల పాటలు ఎన్ని వచ్చో లెక్కలేదు. వసారాలో కూర్చుని తనలో తను పాడుకుంటుంటే గోడ ఇవతల నేను మొక్కలకు నీళ్ళు పోయడం మర్చిపోయి నిలబడిపోతాను. ఫోన్ ముందు పెట్టి "పాడు అవ్వా" అంటే మాత్రం నోట్లో తడి ఉండదు. "ఏం పాడాల నాయనా, సినిమా పాటా?" అంటుంది. చెక్క భజన వాళ్ళదీ ఇంకో బాధ. పాట ఎత్తుకున్నంతసేపు బాగుంటుంది, అందరూ చెక్కలు అందుకోగానే మైకులో రేకులమీద రాళ్ళు పడినట్టు వస్తుంది.

ఇక అసలు సంగతి. నాలుగో వారం ఒక వీధి మురుగుకాలువ గురించి కొంచెం ఘాటుగా మాట్లాడాను. ఫలానా ఆయన ఏం చేస్తున్నాడు అని పేరు పెట్టే అడిగాను. మేడమ్ ఆ నాలుగు నిమిషాలు కోసేసి పిల్లనగ్రోవి వేయించింది. విన్నవాళ్ళు నాకు దగ్గొచ్చిందనుకున్నారట. అడిగితే "రేడియోలో వార్తలు చెప్పకూడదు సార్, రూలు" అనింది. వార్త కాకుండా ఊరి సంగతి ఎట్లా చెప్తారు? నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పినా వార్తేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మిక్సర్ పిల్లోడు

తాతగారూ, నేను చదువుకునే రోజుల్లో మా క్యాంపస్ రేడియోలో మూడేళ్ళు చేశాను. మేడమ్ చెప్పింది సగం నిజం. సర్కారు మార్గదర్శకాల ప్రకారం కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు, వర్తమాన రాజకీయాలు నడపకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని మార్చకుండా వేసుకోవచ్చు, అంతే. కానీ కరెంటు కోత, నీటి సరఫరా, వాతావరణం, ట్రాఫిక్, పరీక్షలు, ఉద్యోగాల కబుర్లు, ఊరి జాతరలు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు. నీళ్ళ టైము నిక్షేపంగా చెప్పండి.

కాలువ సంగతి కూడా చెప్పొచ్చు. మనిషిని వదిలేసి పనిని పట్టుకోండి. "పూడిక ఎన్నాళ్ళకోసారి తియ్యాలి, ఎవరికి అర్జీ పెట్టాలి" అని అడిగితే అది సమాచారం. మీరు పేరు పెట్టి తిడితే, అవతలాయన లెటర్ రాస్తే, సంజాయిషీ ఇచ్చుకోవలసింది స్టేషన్. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలని కూడా రూలుంది. అనలేదని తప్పించుకునే దారి లేదు. మేడమ్ మీద కోపం పెట్టుకోకండి. ఆమె స్థానంలో నేనున్నా కోసేవాణ్ణి, పిల్లనగ్రోవి మాత్రం వేసేవాణ్ణి కాదు.

వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఒకరుంటారు, నీళ్ళు, రోడ్లు, కాలువలు వాళ్ళ పనే. పారిశుద్ధ్యానికి వేరే సెక్రటరీ ఉంటారు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టండి.

చెక్కలకు మందు తేలికే. మీరు మైకును మధ్యలో పెట్టుంటారు. వాళ్ళు గుండ్రంగా తిరుగుతారు కాబట్టి ఒక్కో చెక్కా మైకు పక్కనే మోగుతుంది. ఆరేడడుగులు వెనక్కి జరగండి, గురువుగారి తల ఎత్తులో పెట్టండి, అందరూ గట్టిగా కొడుతున్నప్పుడు చూసి రికార్డింగు మీటరులో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆపండి. చిన్నగా వచ్చింది తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయింది మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు. రేకుల షెడ్డులో వద్దు, చెట్టుకింద చెయ్యండి.

జహీరాబాద్ కోడలు

కాకా, మీ అవ్వ ముచ్చట చదివి నవ్వొచ్చింది. మా పుట్టిల్లు మాచునూరుకు దగ్గరే. అక్కడి సంగం రేడియో పేరు వినే ఉంటారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళది, 90.4 మీద వస్తుంది, 2008 అక్టోబరు 15న మొదలైంది. నడిపేది సంఘంలోని దళిత ఆడవాళ్ళు. లైసెన్సు అప్పుడొచ్చింది కానీ స్టూడియో 1998 నుంచే ఉంది. గాల్లోకి వదలడానికి పర్మిషన్ లేని పదేళ్ళు క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘాల్లో కూర్చుని వినేవాళ్ళు.

అక్కడ పాట వేరే, విత్తనం వేరే అని ఉండదు. కొర్రలు, సామలు, పచ్చజొన్నల గురించి మాట్లాడుకుంటుంటే ఆ చేన్ల పాట దానంతట అదే వస్తుంది. మీరు "ఇక తోట విషయానికొస్తే" అంటున్నారు చూడండి, అతుకు అక్కడే పడుతోంది. మూడు విషయాలు పెట్టుకోకండి, వారానికి ఒక్క వీధి పెట్టుకోండి. ఆ వీధి అవ్వ, ఆ వీధి మిద్దె, ఆ వీధి నల్లా. స్తంభాలెక్కిన మనిషికి వీధులు నేను చెప్పాలా!

అవ్వ సంగతి. పని పాటను ఉత్త చేతులతో పాడమంటే ఎట్లా వస్తుంది? చెయ్యి ఆడితేనే నోరాడుతుంది. మా నాయనమ్మ కూడా అంతే, ఎదురుగా కూర్చుని అడిగితే రెండో చరణానికే మర్చిపోయేది, చేటలో కందులు పోసిస్తే తెల్లారేదాకా పాడేది. మీ అవ్వకు ఏదో ఒక పనివ్వండి. ఫోన్ ఎదురుగా పెట్టకండి, పక్కన పీట మీద పెట్టి మరిచిపోండి. కానీ ముందే చెప్పి పెట్టండి కాకా, దొంగతనంగా వద్దు. పాడిన తర్వాత ఆమెకు వినిపించి, "ఇది రేడియోలో వెయ్యమంటావా" అని మళ్ళీ అడగండి.

మిద్దెతోట అత్త

అన్నా, మీ టైము ఆరు అంటున్నారు కదా, బంగారం లాంటి టైము. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రమే. గుమ్మడి పొద్దున్నే పూస్తుంది, బీర, సొర సాయంత్రం పూస్తాయి. "బీర పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి, ఏం మందు కొట్టాలి" అని అడగని ఇల్లుండదు. మందు కాదు, సంపర్కం జరగక. మిద్దె మీదికి పురుగులు ఎక్కడొస్తాయి, పైగా మనమే వేపనూనె కొట్టి తరిమేస్తాం!

మీరు రేడియోలో "ఇప్పుడే మిద్దెక్కండి, నేనిక్కడే ఉంటా" అనండి. గుత్తిగా పూసేవి మగపూలు. ఒంటిగా, వెనకాల వేలెడు పిందెతో ఉండేది ఆడపువ్వు. ఒక మగపువ్వును కోసి, రెక్కలు తీసేసి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. మొదట్లో కొన్నాళ్ళు ఉత్త మగపూలే వస్తాయి, అది కూడా చెప్పండి, లేకపోతే పాదు పీకేస్తారు. వాళ్ళు మెట్లెక్కి దిగేలోపు పాట వెయ్యండి. అతుకూ పడదు, మా వదినగారు పొయ్యి దగ్గరికీ పోరు.

లైన్‌మన్ తాత

రెండు బుధవారాలయ్యాయి. మీరు చెప్పినట్టే మా వెనక వీధితోనే మొదలుపెట్టాను.

అవ్వకు శేరు శెనక్కాయలు చేటలో పోసిచ్చి, ఒలిచిపెట్టమన్నాను. "విత్తనానికా, చట్నీకా?" అనింది. విత్తనానికి అన్నాను. "అయితే పప్పు పగలగూడదు" అని నిదానంగా బొటనవేలితో ఒత్తుతూ కూర్చుంది. ఫోన్ పీట మీద ఉంది, అది ఏం చేస్తోందో ముందే చెప్పాను. పావుగంట ఏమీ లేదు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో నాకే తెలియలేదు. పుట్టింటికి పోనివ్వని అత్తను తిట్టే పాట. మధ్యలో కాయ చిట్లిన చప్పుడు పడుతూనే ఉంది, తాళం వేసినట్టు. మేడమ్ ఆ చప్పుడు శుభ్రం చెయ్యమంటే నేను ఒప్పుకోలేదు. అవ్వకు వినిపిస్తే, "ఆ రెండో చరణం తీసెయ్, మా ఆడబిడ్డ వింటుంది" అనింది. ఆడబిడ్డకు ఎనభై దాటాయి, చెవులు కూడా వినిపించవు. అయినా తీసేశాను.

బీరపువ్వుల సంగతి చెప్పి మిద్దెక్కమన్నాను. పాట అయ్యేలోపు స్టేషన్‌కి మూడు ఫోన్లు. ఒకామె "సార్, మా మిద్దె మీద రెండూ మగవే, ఏం చెయ్యాల?" అని అడిగింది. వారం పది రోజులు ఓపిక పట్టమ్మా అన్నాను.

సచివాలయం అమ్మాయి వచ్చింది కానీ, ప్రోగ్రాంని నిలబెట్టింది ఆమె వెంట వచ్చిన వాల్వు తిప్పే మనిషి. మా వీధి చివరి ఇళ్ళకు నీళ్ళు ఎందుకు సన్నగా వస్తాయని అడిగితే, "ముందిళ్ళవాళ్ళు కొళాయికే మోటారు తగిలించి లాగుతున్నారు సార్, చివరికి గాలే మిగులుతుంది" అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. నేను మాత్రం ఇంకో ముక్క కలిపాను: తడి చేతులతో ఆ మోటారు ప్లగ్గు పెట్టి షాకు తిన్నవాళ్ళను మా సర్వీసులో చూశాను అని. రెండో బుధవారానికి రెండిళ్ళలో మోటార్లు లోపల పెట్టేశారని వాల్వు మనిషి చెప్పాడు. మిగిలినవాళ్ళు తలుపులు మూసుకుని నడుపుతున్నారు. కాలువ పూడిక ఇంకా అట్లాగే ఉంది. అర్జీ నంబరు తీసుకున్నాను, ప్రతి బుధవారం ఆ నంబరు, తేదీ చదువుతాను. అది వార్త కాదు కదా, మిక్సర్ నాయనా?

వచ్చే వారం గొరవయ్యలు వస్తామన్నారు. ఢమరుకం, పిల్లనగ్రోవి రెండూ ఒకాయనే వాయిస్తాడు. మైకు ఎంత దూరం పెట్టమంటావు?

మిక్సర్ పిల్లోడు

అర్జీ నంబరు వార్త కాదు తాతా, చదవండి. గొరవయ్యకు నాలుగడుగులు, పిల్లనగ్రోవి వైపు కొంచెం తిప్పి. ఈసారి పిల్లనగ్రోవి వినిపిస్తే మీకు దగ్గొచ్చిందని ఎవరూ అనుకోకుండా, ఆయన ఊరి పేరు ముందే చెప్పండి.