అమ్మానాన్నలతో బాడెన్-బాడెన్ ఒక్కరోజు ట్రిప్ వర్తేనా? అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఆ వేడినీళ్ళ స్నానాల సంగతి కూడా చెప్పండి

గోదారిపిల్ల_స్టుట్‌గార్ట్

హాయ్ అందరికీ. మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి ఇక్కడ జర్మనీకి, మా స్టుట్‌గార్ట్‌కి వచ్చారు, జూన్ చివరిదాకా ఉంటారు. ఉల్మ్, హైడెల్‌బర్గ్ తిప్పేశాం, ఇక చర్చిలూ కోటలూ అంటే నాన్న దండం పెట్టేస్తున్నారు, "ఇంకో చర్చి అయితే నేను ఇంట్లో పడుకుంటా" అని. అమ్మకేమో మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేదు, అరగంట నడిస్తే కాసేపు కూర్చోవాలి. మా ఆఫీసులో ఒకావిడ బాడెన్-బాడెన్ తీసుకెళ్ళు, భూమిలోంచి వేడినీళ్ళు వస్తాయి, కీళ్ళనొప్పులకి జనం వందల ఏళ్ళ నుంచి అక్కడికే పోతారు అంది, సరే అని నెట్‌లో చూస్తే అక్కడ బట్టల్లేకుండా స్నానం చేయాలి అని రాసుంది, ఇది అమ్మకి చెప్తే నన్ను చెప్పుతో కొడుతుంది 😅 అసలు స్నానం లేకుండా ఊరు చూడ్డానికే వెళ్తే బాగుంటుందా, ఒక్కరోజు సరిపోతుందా, కారులో పోవాలా ట్రైన్‌లోనా, నాన్న ప్యూర్ వెజ్ (గుడ్డు కూడా తినరు), తిండి ఏంటి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కార్ల్స్‌రూ_కిట్టు

మాకు పక్క ఊరే కాబట్టి ఇంటికి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. మీ అమ్మగారికి సరిగ్గా సరిపోయే ఊరండి, ఎందుకంటే ఊరు కట్టిందే జబ్బు చేసినవాళ్ళు, వయసైపోయిన డబ్బున్నవాళ్ళు మెల్లగా నడవడానికి. లిష్టెన్‌టాలర్ ఆలే అని ఓస్ అనే చిన్న ఏరు పక్కనే 2.3 కిలోమీటర్ల పార్కు దారి ఉంది, చదునుగా ఉంటుంది, పెద్ద పెద్ద చెట్లు, దారి పొడుగునా బెంచీలు. మొత్తం నడవక్కర్లేదు, సగం దూరంలో ఏరు అవతల గొన్నర్ ఆన్‌లాగె అని గులాబీ తోట ఉంది, టికెట్ లేదు, జూన్‌లో వెళ్తున్నారు కాబట్టి మంచి పూత మీద ఉంటుంది, అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టేయండి, ఇక లేవరు. దారి చివర 1245లో పెట్టిన లిష్టెన్‌టాల్ సన్యాసినుల మఠం ఉంది, ఇప్పటికీ సిస్టర్స్ ఉంటున్నారు, కానీ మీ నాన్నగారు దండం పెట్టేశారు కదా, వదిలేయండి.

ట్రైన్ గురించి: స్టేషన్ పేరు బాడెన్-బాడెన్ అనే ఉంటుంది కానీ అది ఊళ్ళో లేదు, ఓస్ అనే పేటలో ఉంది, ఊరి మధ్యకి ఇంకో ఐదు కిలోమీటర్లు. దిగి నడుద్దాం అనుకోకండి, స్టేషన్ ముందే 201 నంబర్ బస్ ఎక్కి లియోపోల్డ్స్‌ప్లాట్జ్‌లో దిగండి. పాత స్టేషన్ ఊళ్ళోనే ఉండేది, దాన్నే ముందు భాగంగా పెట్టుకుని వెనక పెద్ద కచేరీ హాలు కట్టేశారు, ఫెస్ట్‌స్పీల్‌హౌస్ అని, 1998లో తెరిచారు, 2500 మంది పడతారు. కారులో అయితే ఒక చిక్కు, హైవే నుంచి వచ్చే రోడ్డు ఊరి కింద రెండున్నర కిలోమీటర్ల సొరంగంలోకి పోతుంది, జీపీఎస్‌లో ఊరి పేరు మాత్రమే కాకుండా పార్కింగ్ పేరు పెట్టుకోండి, లేకపోతే ఊరు కనపడకుండానే ఊరు దాటేస్తారు.

డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ బండ్లకి చెల్లే నెల పాస్) ఉంటే రీజనల్ ట్రైన్‌లో కార్ల్స్‌రూ మీదుగా వచ్చేయొచ్చు, ఆ బస్‌కి కూడా అదే చెల్లుతుంది. ఐసీఈ అనే ఫాస్ట్ ట్రైన్‌కి చెల్లదు.

ఓరుగల్లు_మైంజ్

స్నానం ముచ్చట నేను చెప్త. అక్కడ రెండు వేరే వేరే స్నానశాలలు ఉన్నయ్, నెట్ల అందరు రెండూ కలిపి రాస్తరు, గందే పరేషాన్. ఒకటి ఫ్రీడ్రిష్‌బాద్, 1877ల తెరిచిండ్రు, రోమన్-ఐరిష్ పద్ధతి అంట, 17 స్టేజీలు, వేడిగాలి గదులు, సబ్బు బ్రష్‌తోని రుద్దుడు, ఆవిరి, వేడినీళ్ళ తొట్లు, చివరికి చల్లనీళ్ళు, దుప్పటి కప్పి పండవెడ్తరు. గిండ్ల బట్టలు వద్దే వద్దు, కొన్ని రోజులైతే ఆడ మగ అందరు కలిసే. మార్క్ ట్వైన్ అనే అమెరికా రచయిత వచ్చి పది నిమిషాలల్ల టైం మర్చిపోతవ్, ఇరవై నిమిషాలల్ల లోకం మర్చిపోతవ్ అన్నడని ప్రతి బ్రోషర్ల ఉంటది. నేనైతే ఆఫీస్ దోస్తులతోని పోయిన, మొదటి ఐదు నిమిషాలు సిగ్గు, తర్వాత ఎవ్వడూ ఎవ్వన్ని చూస్తలేడని అర్థమైంది. కానీ అమ్మ నాయినతోని? వద్దు తల్లీ.

రెండోది కారకల్లా థెర్మె, దాని పక్కనే, 1985ల కట్టిండ్రు. గండ్ల కింద పూల్స్‌ల స్విమ్ డ్రెస్ తప్పనిసరి, పైఅంతస్తుల సౌనా (చెమట పట్టించే వేడి గది) దగ్గర మాత్రం బట్టలుండయ్, మెట్లెక్కి పైకి పోకుంటే అయిపాయె. నీళ్ళు అవే, ఫ్లోరెంటైనర్‌బెర్గ్ గుట్ట కింద నుంచి వస్తయ్, పుట్టిన కాడ 68 డిగ్రీల దాకా కాలుతయ్, సల్లార్చి పూల్‌లకి వదుల్తరు. కొంచెం ఉప్పగుంటయ్.

మీరు స్నానం చెయ్యకున్నా ఫ్రీడ్రిష్‌బాద్ కింద రోమన్ల కాలం స్నానశాల పునాదులు ఉన్నయ్, టికెట్ కొని చూడొచ్చు, నేల కింద నుంచి వేడిగాలి పంపి గదులు ఎట్ల కాగబెట్టేటోళ్ళో రాతి స్తంభాలతో సహా కనిపిస్తది. చలికాలం బంద్ ఉంటది, మీరు జూన్‌ల పోతున్రు కాబట్టి ఓకే. నాకైతే ఊర్ల అన్నిటికంటె గదే నచ్చింది.

గోదారిపిల్ల_స్టుట్‌గార్ట్

అబ్బా థాంక్యూ, ఇలా విడమర్చి ఎక్కడా లేదు. కారకల్లా అయితే ఒప్పించొచ్చేమో. కానీ అమ్మ జీవితంలో స్విమ్ సూట్ వేసుకోలేదు, పుష్కరాల్లో చీరతోనే మునిగింది 😄 లెగ్గింగ్, టీషర్ట్‌తో దిగనిస్తారా?

ఫ్రాంక్‌ఫర్ట్_అక్క

కాటన్ లెగ్గింగ్, టీషర్ట్ అయితే ఇక్కడ పూల్స్‌లో దింపరమ్మా, ఉతికిన బట్టలైనా సరే. మోకాళ్ళ కిందదాకా, చేతులు కప్పి ఉండే స్విమ్ బట్టతో కుట్టినవి స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, నేను మా అత్తగారికి అదే కొన్నాను, మొదట ఇదేం వేషం అంది, వేసుకున్నాక బయటి పూల్‌లోంచి రమ్మంటే రాలేదు. ఒక్కో స్నానశాల రూల్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి వెళ్ళే ముందు ఫోన్ చేసి మీరు కొన్నది పనికొస్తుందో లేదో అడిగేయ్, లేకపోతే డ్రెస్ డబ్బులూ టికెట్ డబ్బులూ రెండూ దండగ. చిన్నపిల్లలకి వయసు రూల్ ఉంది, మీకు అవసరం లేదనుకో.

ఇంకో మాట, అమ్మకి బీపీ గానీ షుగర్ గానీ ఉంటే ముందు ఆవిడ డాక్టర్‌ని ఒక మాట అడిగి తీసుకెళ్ళు. తిన్న వెంటనే దింపకు, పది పదిహేను నిమిషాలకోసారి బయటికొచ్చి కూర్చోమను, నీళ్ళు తాగించు. హాయిగా ఉంటుంది, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, అంతవరకే. మోకాళ్ళ నొప్పి మాయమైపోతుందని మాత్రం ఆశ పెట్టకు, మా అత్తగారికి రెండు రోజులు బాగుంది, తర్వాత మామూలే.

తిండి: నాన్నగారు గుడ్డు తినరన్నావు కదా, మెనూలో వెజ్ అని కేజె-ష్పెట్స్‌లె (చీజ్ వేసిన నూడుల్స్ లాంటిది) చూపిస్తారు, ఆ పిండిలో గుడ్డు ఉంటుంది. బ్లాక్ ఫారెస్ట్ కేక్ ఇక్కడిది అసలైనది అని తినిపించాలనిపిస్తుంది, అందులో చెర్రీ సారా పోస్తారు, గుడ్డు సరే సరి. పులిహోర కట్టుకుని పో, ఆ పార్కులో బెంచీ మీద తినండి, అంతకంటే మంచి హోటల్ ఆ ఊళ్ళో లేదు.

పాతపుస్తకం

నాన్నగారికి చర్చిలు వద్దు, పూల్ కూడా ఇంట్రెస్ట్ ఉండకపోవచ్చు, కాసినో చూపించండి. ఆడమని కాదు, పొద్దున పూట గైడెడ్ టూర్ ఉంటుంది, ఎర్ర పట్టు గోడలు, బంగారు పూత, షాండ్లియర్లు, రాజుల కోటలా ఉంటుంది. కథ కూడా మజాగా ఉంటుంది, 1837 చివర్లో ఫ్రాన్స్‌లో జూదశాలలు మూయించేశారు, అప్పుడు పారిస్‌లో ఆ వ్యాపారం చేసే జాక్ బెనాజే 1838లో ఇక్కడికొచ్చి కుర్‌హౌస్ అనే స్పా ఊరి పెద్ద విడిది భవనంలో కాసినో నడపడం మొదలుపెట్టాడు, వెనకే యూరప్ డబ్బంతా వచ్చింది, ఆ తోటలకీ అలంకారానికీ చాలా డబ్బు జూదం బల్లల మీద నుంచి వచ్చిందే. రష్యన్ నవలా రచయిత దోస్తోయెవ్‌స్కీ 1867లో కొత్త పెళ్ళాంతో వచ్చి ఆడి ఆడి ఆవిడ నగలూ, పెళ్ళి ఉంగరాలూ కూడా తాకట్టు పెట్టాడు. తర్వాత 1872లో జర్మనీలోనూ జూదం ఆపేశారు, ఇక ఊరికి స్నానాలే దిక్కు, పైన తమ్ముడు చెప్పిన ఫ్రీడ్రిష్‌బాద్ అంత ఆర్భాటంగా పూర్తయింది ఆ రోజుల్లోనే. కాసినో మళ్ళీ 1933లో తెరిచారు. సాయంత్రం ఆడ్డానికి వెళ్ళాలంటే 21 ఏళ్ళు నిండాలి, పాస్‌పోర్ట్ అడుగుతారు, డ్రెస్ కోడ్ ఉంది.

కాసినో పక్కనే ట్రింక్‌హాలె, అంటే బుగ్గ నీళ్ళు తాగడానికి కట్టిన హాలు, 1842లో పూర్తయింది. 90 మీటర్ల వరండా, కొరింథియన్ స్తంభాలు, గోడ మీద ఈ చుట్టుపక్కల కథలతో 14 పెద్ద బొమ్మలు. వరండాలో తిరగడం ఫ్రీ. మా గుళ్ళ మంటపాల్లో బొమ్మల కథలు చదివినట్టు ఒక చివర నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ పొండి.

ఊళ్ళో కట్టడాలన్నీ ఒకే కాలానివిలా కనిపించడానికి కారణం, 1689లో ఫ్రెంచి సైన్యం ఊరు తగలబెట్టింది, ఇప్పుడు మనం చూసేది ఎక్కువ 19వ శతాబ్దంలో కట్టింది, రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల నుంచి దాదాపు తప్పించుకుంది. 2021లో యునెస్కో యూరప్‌లో 11 స్పా ఊళ్ళకి కలిపి వారసత్వ గుర్తింపు ఇచ్చింది, జర్మనీ నుంచి బాడ్ ఎమ్స్, బాడ్ కిసింగెన్, ఇది.

నైట్‌షిఫ్ట్_రాజు

బడ్జెట్ తక్కువైతే వీస్‌బాడెన్ పొండి బ్రో, అక్కడా కోహ్‌బ్రున్నెన్ అని వేడినీళ్ళ బుగ్గ రోడ్డు పక్కనే ఉంది.

కార్ల్స్‌రూ_కిట్టు

@రాజు ఆమె ఉండేది స్టుట్‌గార్ట్‌లో బ్రో, వీస్‌బాడెన్ రానూపోనూ రోజంతా ట్రైన్‌లోనే అయిపోతుంది. (బ్రో కాదు, అక్క.)

@గోదారిపిల్ల ఇంకోటి మర్చిపోకండి, మెర్కూర్ కొండ. 668 మీటర్లు, కానీ మెట్లూ నడకా ఏమీ లేదు, 1913 నాటి కేబుల్ రైలు పైదాకా తీసుకెళ్తుంది, కొన్నిచోట్ల వాలు 54 శాతం, కిందికి చూస్తే నాన్నగారికి కాస్త థ్రిల్. లియోపోల్డ్స్‌ప్లాట్జ్ నుంచి కొండ కింది స్టేషన్‌కి బస్ ఉంది. మబ్బు లేకపోతే రైన్ లోయ, అవతల ఫ్రాన్స్ కొండలు కనపడతాయి, పారాగ్లైడింగ్ వాళ్ళు ఎగురుతుంటారు. నా ఆర్డర్ అయితే: పొద్దున కాసినో టూర్, ట్రింక్‌హాలె, తోటలో పులిహోర, మధ్యాహ్నం మీ అమ్మా మీరు కారకల్లా, నాన్నగారు ఒక్కరే మెర్కూర్. కలిసి పోవాలనుకుంటే స్నానం తీసేయండి, రెండూ ఇరికిస్తే అమ్మగారు అలిసిపోతారు.

గోదారిపిల్ల_స్టుట్‌గార్ట్

అందరికీ చాలా థాంక్స్ 🙏 ఇప్పుడే చదివి వినిపించా. నాన్న కాసినో అనగానే లేచి కూర్చున్నారు, "టూర్ ఒక్కటేనా, ఆడనివ్వరా" అంటున్నారు, పాస్‌పోర్ట్ నేను దాచేస్తున్నా. అమ్మ స్నానానికి ఒప్పుకుంది, కానీ ఆ డ్రెస్ రంగు నల్లది వద్దంట. @ఫ్రాంక్‌ఫర్ట్_అక్క రంగుల్లో దొరుకుతాయా?

ఫ్రాంక్‌ఫర్ట్_అక్క

నీలం, మెరూన్ దొరుకుతాయి. సైజు ఒకటి పెద్దది తీసుకో, తడిస్తే ఒంటికి పట్టేస్తుంది, తీసేటప్పుడు మా అత్తగారితో కుస్తీ పట్టాల్సొచ్చింది.