స్ట్రట్‌లో భారం మధ్యాహ్నానికి ఎందుకు పెరుగుతోంది?

సెల్లార్_సైట్:
విజయవాడలో 12 మీటర్ల లోతు తవ్వకానికి రెండు వరుసల ఉక్కు స్ట్రట్లు (తవ్వకం గోడలు లోపలికి ఒరగకుండా అడ్డంగా పెట్టే దూలాలు) వేయాలి; మొదటి వరుస బిగించాము. వాటికి అమర్చిన వైబ్రేటింగ్ వైర్ స్ట్రెయిన్ గేజ్‌లలో (లోపలి తీగ కంపనాన్ని బట్టి ఉక్కు ఎంత నొక్కుకుపోయిందో చూపే పరికరాలు) తెల్లవారుజాము రీడింగుకూ, మధ్యాహ్నం రెండు గంటల రీడింగుకూ నడుమ సుమారు 400 కిలోన్యూటన్ల తేడా కనిపిస్తోంది. ఆ వేళలో తవ్వకం జరగలేదు. గేజ్‌లు పాడైనట్టేనా?

గేజ్_మిత్రుడు:
పాడైనట్టు కాదు. ఒక డిగ్రీ వేడికి ఉక్కు తన పొడవులో పది లక్షలకు 12 వంతులు సాగాలని చూస్తుంది. రెండు చివరలూ కదలకుండా బిగిస్తే 200 చదరపు సెంటీమీటర్ల స్ట్రట్‌లో డిగ్రీకి దాదాపు 49 కిలోన్యూటన్లు చేరతాయి. గోడ కొంత వెనక్కి జరుగుతుంది కాబట్టి అందులో కొంత భాగమే నిలుస్తుంది. మీ స్ట్రట్ ఎండలో 15 డిగ్రీలు వేడెక్కి ఉంటే 400 అనే అంకె సహజమే. అయితే "ఉష్ణోగ్రత సవరణ" పేరుతో దాన్ని తీసివేయకండి. గేజ్‌లోని తీగ కూడా ఉక్కే కనుక స్వేచ్ఛగా జరిగే వ్యాకోచం రీడింగులో దానంతట అదే రద్దవుతుంది. మిగిలి కనిపించేది స్ట్రట్ నిజంగా మోస్తున్న భారమే. మట్టి ఒత్తిడి పెరుగుతోందా అని చూడాలంటే మాత్రం రోజూ తెల్లవారుజాము రీడింగులనే పోల్చండి.

పాత_సర్వేయరు:
సున్నా రీడింగు, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే మొదటి రీడింగు, ఎప్పుడు తీసుకున్నారో చెప్పలేదు. వెల్డింగ్ వేడి పూర్తిగా చల్లారాక, జాకీతో ప్రీలోడ్ (స్ట్రట్‌ను బిగించేటప్పుడే ఇచ్చే ముందస్తు ఒత్తిడి) ఇవ్వకముందే తీయాలి. అది తప్పితే ఆ తర్వాత ఎంత శ్రద్ధగా కొలిచినా ప్రయోజనం ఉండదు. ఒక స్ట్రట్‌కు ఒకే గేజ్ సరిపోదు. మా పనిలో ఎవరో స్ట్రట్ మీద ఇనుప కడ్డీల కట్టలు పేర్చితే పై ఫ్లాంజ్ (దూలం పై పట్టీ) గేజ్ ఎగబాకింది, కింది గేజ్ పడిపోయింది, సగటు మాత్రం దాదాపు అక్కడే ఉంది. పై గేజ్ ఒక్కటే ఉండి ఉంటే ఆ రోజు పని ఆపేసేవాళ్లం.

సింగపూర్_ఇంజనీరు:
పెరిగిన అంకెకు అందరూ ఉలిక్కిపడతారు, తగ్గిన అంకెను ఎవరూ పట్టించుకోరు. 2004 ఏప్రిల్ 20న ఇక్కడి నికోల్ హైవే వద్ద మెట్రో కోసం సుమారు 30 మీటర్లు తవ్విన గొయ్యి కూలి నలుగురు మరణించారు. తొమ్మిదో వరుసలో స్ట్రట్‌కూ వేలర్‌కూ (గోడ పొడవునా ఆనించి పెట్టే దూలం) మధ్య అతుకు లొంగిపోయినప్పుడు దాని భారం పై వరుసలు మోయాల్సి వచ్చింది, అవి తట్టుకోలేదు. అతుకు లొంగిన స్ట్రట్‌లో భారం తగ్గుతుంది, పక్కదానిలో పెరుగుతుంది. కాబట్టి హెచ్చరిక హద్దు పైకే కాదు, కిందికీ పెట్టాలి. పొరుగు స్ట్రట్ల రీడింగులను, ఇంక్లినోమీటరు చూపే గోడ వంపును ఒకే కాగితంపై గీసి చూడాలి.

సెల్లార్_సైట్:
రికార్డు తీసి చూశాను. మా సున్నా రీడింగు ప్రీలోడ్ ఇచ్చాక తీసినదే. జాకీ గేజ్ చూపిన ప్రీలోడ్‌ను కలుపుకోవచ్చా?

పాత_సర్వేయరు:
సుమారుగా మాత్రమే. జాకీ వదలగానే వెడ్జ్‌లు (స్ట్రట్ చివర సందులో కొట్టే చీలలు) సర్దుకొని కొంత భారం జారిపోతుంది. రెండో వరుసకైనా ముందే తీయండి.