టార్టన్ (స్కాట్లాండ్ గళ్ళ గుడ్డ) మాస్క్ కుట్టాను, ఒక్క ఉతుకుకే బొమ్మకి సరిపోయేంత అయింది. ఏం తప్పు చేశాను?

సూదీదారం (ఎడిన్‌బరా), సెప్టెంబర్ 2020

అందరికీ నమస్కారం. మా పెద్దాడు హైస్కూల్లో రెండో ఏడు. కోవిడ్ వల్ల ఆగస్టు 31 నుంచి ఇక్కడి హైస్కూళ్ళ కారిడార్లలో మాస్క్ పెట్టుకోవాలన్నారు కదా, నేను ముందే ఒక పెట్టె నీలం మాస్కులు తెచ్చి పెట్టాను. అవి పెట్టుకోనని ఒకటే మొండి. వాడి స్నేహితుల్లో సగం మంది టార్టన్ మాస్కులు వేసుకొస్తున్నారట. టీవీలో స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ ముఖానికి కూడా అదే కనిపిస్తుంటే ఇక పిల్లల్ని ఏమంటాం.

కొనేది ఎందుకు, మిషన్ ఉంది కదా అనుకున్నాను. పక్కింటావిడ ఒకప్పుడు కిల్టులు (ఇక్కడి మగవాళ్ళు నడుముకి కట్టే గళ్ళ లంగాలు) కుట్టేది, రాయల్ స్టువర్ట్ అనే ఎర్రటి టార్టన్ ముక్క ఒకటి ఇచ్చింది. అసలైన ఉన్ని, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. నెట్‌లో దొరికిన కొలత పెట్టి, ముక్కు మీదుగా కుట్టు వచ్చే రకం కుట్టాను, లోపల లైనింగ్ కూడా ఉన్నిదే. మొదటి రోజే బుగ్గలు ఎర్రగా కందిపోయి వచ్చాడు, దురద అన్నాడు, ఊపిరి తడికి మధ్యాహ్నానికే బరువెక్కిపోయిందన్నాడు. సరే అని మాస్కులు వేడిగా ఉతకాలి కదా అని 60 డిగ్రీల్లో వేశాను. బయటికి తీస్తే కంబళి ముక్కలా గట్టిపడి, మా చిన్నదాని బొమ్మకి సరిపోయేంత అయింది. చిన్నది మాత్రం సంతోషంగా తీసుకుపోయింది.

ఇంకో రెండు అనుమానాలు. ముక్కు దగ్గర ఎడమ గళ్ళు, కుడి గళ్ళు కలవలేదు, అర అంగుళం తేడా, చూస్తుంటే ముఖమే వంకరగా ఉన్నట్టుంది. రెండోది, బస్ స్టాప్‌లో ఒక పెద్దాయన మావాడిని "నువ్వు ఏ క్లాన్ (వంశం) బాబూ?" అని అడిగాడట. నవ్వుతూనే అడిగాడంట, కానీ వీడు బిక్కమొహం వేసుకుని వచ్చాడు. ఒక్కో క్లాన్‌కి ఒక్కో టార్టన్ అంటారు కదా, మనం వేసుకోకూడని టార్టన్లు ఏమైనా ఉంటాయా? ఎవరినీ నొప్పించడం ఇష్టం లేదు.


రాత్రిపూట_మిషన్

అయ్యో, ఆ ముక్క పోయినందుకు నాకే బాధగా ఉందండీ. తప్పు మీ కుట్టులో లేదు, గుడ్డలో ఉంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడినీళ్ళూ మిషన్ కుదుపూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని మళ్ళీ విడవవు. కంబళి అయిందన్నారు చూడండి, నిజంగా జరిగిందదే. మాస్క్‌ని రోజూ వేడిగా ఉతకాలి, ఉన్నిని వేడిగా ఉతకకూడదు, ఈ రెంటికీ పొత్తు కుదరదు. పైగా కిల్టు గుడ్డ గజానికి 13 ఔన్సులు, 16 ఔన్సులు ఉంటుంది. కొండగాలిలో నడుముకి చుట్టుకోడానికి చేసినదాన్ని రెండు పొరలు ముక్కుకి కట్టారు, పాపం పిల్లాడు.

టార్టన్ అంటే ఉన్ని అనే అనుకుంటాం. నిజానికి అది గళ్ళ వరసకి పేరు, పడుగులో (నిలువు పోగుల్లో) రంగులు ఏ వరసలో ఉన్నాయో పేకలోనూ (అడ్డం పోగుల్లోనూ) అదే వరస, అంతే. నూలులో నేసినా టార్టనే. కాబట్టి నూలు టార్టన్ తీసుకోండి, పైజమాలకి వాడే మెత్తటి రకం ఉంటుంది కదా, అది. లేదా పాలీవిస్కోస్, అంటే పాలిస్టర్, విస్కోస్ కలిపిన గుడ్డ, స్కూల్ స్కర్టులకి వాడేది. జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు పొరలు చెప్పింది: ముఖానికి తగిలేది తేమ పీల్చే నూలు, మధ్యలో నేయని పాలీప్రొపిలీన్, బయట తడి పట్టని పాలిస్టర్ కలిసిన గుడ్డ. ఆ లెక్కన పాలీవిస్కోస్ టార్టన్ బయట పొరకి బాగానే సరిపోతుంది. లోపలికి పాత కాటన్ దుప్పటి ముక్క చాలు, ఎన్ని ఉతుకులు తిన్నదైతే అంత మెత్తన. కొత్త గుడ్డయితే మాత్రం కత్తెర పెట్టకముందే ఒకసారి వేడిగా ఉతికి ఇస్త్రీ చేయండి, కుంచించుకునేదేదో ముందే కుంచించుకుంటుంది.


గళ్ళ_పిచ్చి

నేను గళ్ళ సంగతి ఒక్కటే చెప్తాను, ఎందుకంటే ఏప్రిల్ నుంచి ఓ వంద మాస్కులు కుట్టి ఉంటాను, అందులో మొదటి ఇరవై మీ మాస్క్ లాగే వంకరగా వచ్చాయి.

గుడ్డని మడత పెట్టి రెండు ముక్కలూ ఒకేసారి కత్తిరించారు కదూ? అక్కడే పోయింది. కింద పొర ఎటు జరిగిందో మనకి కనపడదు. ఒక పొర మీదే ముందు ఒక్క ముక్క కత్తిరించండి. దాన్ని బోర్లా తిప్పి మళ్ళీ గుడ్డ మీద పెట్టి, గీత మీద గీత వచ్చేలా మెల్లిగా జరుపుతూ పోండి. సరిగ్గా కుదిరిన క్షణాన ఆ ముక్క గుడ్డలో కలిసిపోయి కనపడకుండా పోతుంది, అంచు ఎక్కడుందో వేలితో తడిమి వెతుక్కోవాలి. అప్పుడు గుండుసూదులు గుచ్చి రెండోది కత్తిరించండి. మిషన్ మీద పెట్టేముందు చేత్తో కచ్చాకుట్టు వేయండి, బద్ధకించకండి, మిషన్ పాదం పై పొరని ఎప్పుడూ కాస్త ముందుకి తోస్తుంది.

ఇంకోటి. చాలా టార్టన్లలో రంగుల వరస ఒక గీత దాకా వెళ్ళి అక్కడి నుంచి అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే గీత ముక్కు మీదికి రావాలి. అలా వస్తే ముఖం రెండు వైపులా సమంగా కనిపిస్తుంది. నడుమ కుట్టు వంపుగా ఉంటుంది కాబట్టి ఆ గీత పైనా కిందా కొంచెం కుట్టులోకి పోతుంది, పోనివ్వండి. బుకానన్ లాంటి కొన్ని టార్టన్లు అలా వెనక్కి తిరగవు, వాటితో ఈ ఆట ఆడకండి, ఏడిపిస్తాయి. పెద్ద గళ్ళు కూడా వద్దు. కిల్టు గుడ్డలో ఒక వరస పూర్తయ్యేసరికి జానెడు పడుతుంది, మాస్క్ మీద అందులో సగమే కనపడి ఏదో ఎర్ర మచ్చలా ఉంటుంది. చిన్న గళ్ళవి వెతకండి.

నూలు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. వెనక వెలిసినట్టు ఉంటే అది నేసింది కాదు, అచ్చు వేసింది. అచ్చు వేసిన గళ్ళు చాలాసార్లు పోగు వెంట పోకుండా పక్కకి పోతాయి, అప్పుడు గీత చూసి కత్తిరిస్తే గుడ్డ వంకర, పోగు చూసి కత్తిరిస్తే గీత వంకర. ఇంత తలనొప్పి వద్దనుకుంటే మడతల మాస్క్ కుట్టుకోండి, నడుమ కుట్టే ఉండదు.


తడిసిన_గొడుగు (గ్లాస్గో)

క్లాన్ విషయానికి వద్దాం. ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను, నన్నూ అడిగారు, పెళ్ళిళ్ళలో కిల్టు అద్దెకి తీసుకుని వేసుకున్నప్పుడల్లా అడుగుతారు. అది మాట కలపడానికి, నిలదీయడానికి కాదు. ఫలానా టార్టన్ ఫలానా వాళ్ళే వేసుకోవాలని చట్టమేమీ లేదు. రాజకుటుంబం తమకని ఉంచుకున్న బాల్మోరల్ టార్టన్‌ని బయటివాళ్ళు వేసుకోరు, అది మర్యాద. రాయల్ స్టువర్ట్ కూడా నిజానికి సింహాసనం మీద ఉన్నవారిదే, కానీ అది బిస్కెట్ డబ్బాల మీద కూడా ఉంటుంది కాబట్టి మీవాడు బెంగ పడక్కర్లేదు. అంతగా ఇబ్బందనిపిస్తే బ్లాక్ వాచ్ అనే టార్టన్ వేయండి, ముదురు నీలం ఆకుపచ్చ, సైన్యానిది, అందరూ వేసుకుంటారు. గళ్ళు కలవకపోయినా ఆ చీకట్లో ఎవరికీ కనపడదు, గళ్ళ_పిచ్చి గారు క్షమించాలి.

క్లాన్‌కొక టార్టన్ అనేది మనం అనుకునేంత పాతది కాదు. 1746లో చట్టం చేసి సైన్యంలో లేని మగవాళ్ళు హైలాండ్ (ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ) బట్టలు వేసుకోకూడదన్నారు, 1782లో ఎత్తేశారు. ఆ తర్వాత 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరాకి వస్తే రచయిత వాల్టర్ స్కాట్ ఊరంతటికీ టార్టన్ కట్టించాడు, ఈ క్లాన్ టార్టన్ల మోజు బాగా ఊపందుకుంది అక్కడే. ఇప్పుడైతే 2008 చట్టంతో వచ్చిన టార్టన్ల రిజిస్టర్ ఉంది, ఎవరైనా కొత్తది గీసి, రుసుం కట్టి నమోదు చేయించుకోవచ్చు. సింగ్ టార్టన్ కూడా ఉంది మరి. ఈసారి ఎవరైనా అడిగితే "మా క్లాన్ ఇంకా రిజిస్టర్ కాలేదండీ" అనమనండి మీవాడిని.


కళ్ళజోడు_కష్టాలు

మీరంతా గళ్ళు, వంశాలు అంటున్నారు గానీ నాకైతే మాస్క్ ముఖానికి అతుక్కుందా లేదా అన్నదే ముఖ్యం. పక్కల సందులుంటే ఎంత అందమైన టార్టనైనా తోరణమే. ముక్కు దగ్గర తీగ పెట్టండి, దాని కొసలు రెండూ వెనక్కి మడిచి కుట్టండి, లేకపోతే నాలుగో ఉతుక్కి గుడ్డ చీల్చుకుని వచ్చి చెంపకి గుచ్చుకుంటుంది (అనుభవం). తీగ బాగా అద్దితే కళ్ళజోడుకి ఆవిరి పట్టడం కూడా చాలావరకు తగ్గుతుంది. జూలై 10 నుంచి షాపుల్లో తప్పనిసరి అయ్యాక, పాలు అనుకుని మజ్జిగ తెచ్చిన రోజులున్నాయి నాకు.

ఎలాస్టిక్ దొరక్కపోతే పాత టీషర్టుని అడ్డంగా సన్నగా కత్తిరించి లాగండి, దానంతటదే చుట్టుకుని తాడవుతుంది, చెవులకి నొప్పి ఉండదు. ఇక చిన్న పాపకి అయిదేళ్ళు నిండకపోతే మాస్క్ అక్కర్లేదు, బొమ్మకే ఉండనివ్వండి.


సూదీదారం

అందరికీ చాలా చాలా థాంక్స్. శనివారం కూర్చుని మళ్ళీ కుట్టాను. బ్లాక్ వాచ్, నేసిన నూలు, చిన్న గళ్ళు, లోపల పాత దుప్పటి, మధ్యలో నేయని గుడ్డ. బోర్లా తిప్పి జరపడం అన్నారే, నిజంగానే ముక్క మాయమైంది, నాకు నవ్వొచ్చి మావారిని పిలిచి చూపించాను, ఆయనకి ఏమీ అర్థం కాలేదు. తిరిగే గీత సరిగ్గా ముక్కు మీదే ఉంది. 60లో రెండుసార్లు ఉతికాను, కొలత మారలేదు. మావాడు అద్దం ముందు అయిదు నిమిషాలు నిలబడి "ఓకే" అన్నాడు, ఆ వయసులో అది పెద్ద పొగడ్తే. క్లాన్ జవాబు కూడా బట్టీ పట్టాడు, ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే చెప్పాలని బస్ స్టాప్‌కి పది నిమిషాలు ముందే పోతున్నాడు.

కుడి చెవి దగ్గర ఒక్క గీత తప్పింది. వాడింకా చూసుకోలేదు.